సంతకాలు సరే... రసీదు ఏదీ?

కాలనీ సమస్యపై అర్జీ పెట్టడం కూడా ఒక నైపుణ్యమే. ఎవరికి రాయాలి, ఏం అడగాలి, ఎలా వెంటపడాలి అన్నది తెలిస్తే ఊరికీ మేలు, మీకూ మేలు.

మీ హాస్టల్ వీధిలో లైట్లు వెలగవు. మీ ఊరి స్టేజీ దగ్గర ఉదయం బస్సు ఆపరు. కాలేజీ ముందు డ్రైనేజీ పొంగి నెల రోజులైనా పట్టించుకున్నవాళ్లు లేరు. ఇలాంటప్పుడు మనం ఏం చేస్తాం? ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాం. అరవై మంది బొటనవేలు చూపిస్తారు. ఎవరో ఒకరు ఆన్‌లైన్ పిటిషన్ లింకు పెడతారు. అందరం సంతకం చేస్తాం, నలుగురికి ఫార్వర్డ్ చేస్తాం. వారం తర్వాత చూస్తే లైటు అలాగే ఉంటుంది, డ్రైనేజీ అలాగే ఉంటుంది. 'ఈ దేశంలో అంతే' అని ఒక మాట అనేసి ప్లేస్‌మెంట్ ప్రిపరేషన్‌లో పడిపోతాం.

నిజానికి అక్కడ దేశం ఓడిపోలేదు. అర్జీ అసలు చేరాల్సిన టేబుల్ మీదకే చేరలేదు. మన దేశంలో ఆన్‌లైన్ పిటిషన్‌కు ఇన్ని సంతకాలు వస్తే ప్రభుత్వం తప్పనిసరిగా జవాబివ్వాలన్న నియమం ఏదీ లేదు. బ్రిటన్‌లో పార్లమెంటు పిటిషన్ సైట్‌లో 10 వేల సంతకాలు దాటితే ప్రభుత్వం స్పందిస్తుంది, లక్ష దాటితే చర్చకు పరిశీలిస్తారు. ఇక్కడ లక్ష క్లిక్కులకు లేని బలం, ఇన్‌వార్డ్ ముద్ర పడిన ఒక్క కాగితానికి ఉంటుంది. ఎందుకంటే ఆ కాగితానికి ఒక నంబరు ఉంటుంది. నంబరు ఉన్నదానికి ఎవరో ఒకరు బాధ్యులవుతారు.

మంచి అర్జీ, మంచి బగ్ రిపోర్ట్

ఇంజినీరింగ్ వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 'యాప్ పనిచేయట్లేదు' అని రాస్తే ఏ డెవలపరూ పట్టించుకోడు. ఏ స్క్రీన్‌లో, ఏ బటన్ నొక్కితే, ఏం జరగాలి, ఏం జరుగుతోంది, స్క్రీన్‌షాట్ ఏది అని అడుగుతాడు. అవన్నీ ఇస్తే టికెట్ తెరిచి, ఒకరికి అప్పగించి, గడువు పెడతారు.

అర్జీ కూడా అంతే. 'మా కాలనీలో మౌలిక వసతులు కల్పించాలి' అన్నది యాప్ పనిచేయట్లేదు అన్నంత అస్పష్టమైన మాట. 'ఫలానా గుడి నుంచి హైవే దాకా 400 మీటర్ల దారిలో 11 స్తంభాలకు 7 దీపాలు వెలగడం లేదు, స్తంభాల నంబర్లు ఇవి' అన్నది పని చేయించగల మాట. మొదటిదానికి 'పరిశీలిస్తాం' అని జవాబు రాసి ఫైల్ మూసేయొచ్చు. రెండోదానికి అలా కుదరదు. ఏడు దీపాలు వెలిగాయా లేదా అని ఎవరైనా వెళ్లి లెక్కపెట్టగలరు.

ఒక వీధివాళ్లు సుప్రీంకోర్టు దాకా...

స్థానికుల అర్జీ ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి రత్లాం కేసును మించిన ఉదాహరణ లేదు. లా విద్యార్థులందరూ చదువుతారు, మిగతావాళ్లం చదవం.

మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వార్డు. తెరిచి ఉన్న మురుగు, రోడ్డు పక్కనే బహిర్భూమి, ఆల్కహాల్ ఫ్యాక్టరీ నుంచి వీధిలోకి పారే కంపు నీళ్లు, వాటి మీద దోమలు. మున్సిపాలిటీ చుట్టూ తిరిగి విసిగిన స్థానికులు సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించారు. వాళ్లు పట్టుకున్నది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 133వ సెక్షన్. జనానికి ఇబ్బంది కలిగించే న్యూసెన్స్‌ను తొలగించమని మేజిస్ట్రేట్ ఆదేశించేందుకు వీలిచ్చే సెక్షన్ అది. మేజిస్ట్రేట్ విచారించి, ఆరు నెలల్లో ప్రణాళిక తయారుచేయమని మున్సిపాలిటీకి ఉత్తర్వు ఇచ్చారు. సెషన్స్ కోర్టు దాన్ని కొట్టేసింది. హైకోర్టు మళ్లీ నిలబెట్టింది. మున్సిపాలిటీ సుప్రీంకోర్టుకు వెళ్లింది.

అక్కడ మున్సిపాలిటీ వాదన మనందరం ఏదో ఒక ఆఫీసులో విన్నదే: 'చేయాలనే ఉంది, నిధుల్లేవు.' 1980 జులైలో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్, జస్టిస్ ఒ.చిన్నపరెడ్డిల ధర్మాసనం ఆ వాదనను తోసిపుచ్చింది. ప్రజారోగ్యాన్ని కాపాడటం మున్సిపాలిటీ చట్టబద్ధమైన బాధ్యత అనీ, డబ్బుల్లేవని చెప్పి దాన్నుంచి తప్పుకోవడం కుదరదనీ తేల్చింది. గడువులు పెట్టి మరీ పనులు చేయమంది. ఈ తీర్పు ఇచ్చిన ఇద్దరిలో చిన్నపరెడ్డి గారు అంతకుముందు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జిగా పనిచేసినవారు.

ఈ కేసులో గమనించాల్సింది, వాళ్లు 'మా వార్డును బాగుచేయండి' అని ఊరుకోలేదు. ఆదేశం ఇచ్చే అధికారం ఉన్న మనిషిని, ఆ అధికారం ఇచ్చే సెక్షన్‌ను వెతికి పట్టుకున్నారు. ఇప్పుడు ఆ 133వ సెక్షన్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 152వ సెక్షన్ ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే ఆ దారి నేటికీ తెరిచే ఉంది.

లక్షల మెయిళ్లు... రెండు రకాలు

సంఖ్యకు అసలు విలువే లేదా అంటే, ఉంది. అడిగిన దానికి జవాబు చెబితేనే ఉంది. మీకు నెట్ న్యూట్రాలిటీ ఉద్యమం గుర్తుందా? అప్పటికి మీలో చాలామంది స్కూల్లో ఉండి ఉంటారు. వాట్సాప్, స్కైప్ లాంటి సేవలను ఎలా నియంత్రించాలన్న దానిపై ట్రాయ్ 2015 మార్చి 27న ఒక చర్చాపత్రం విడుదల చేసింది. వందకు పైగా పేజీలు, చివర్లో 20 ప్రశ్నలు. మామూలు మనిషి చదవలేడు. కొందరు వాలంటీర్లు ఆ ప్రశ్నలకు తేలిక భాషలో జవాబులు తయారుచేసి, ఎవరైనా మార్చుకుని పంపేలా ఒక సైట్ పెట్టారు. పది లక్షలకు పైగా మెయిళ్లు ట్రాయ్‌కి చేరాయి.

అదే ఏడాది డిసెంబరులో, ఒక్కో వెబ్‌సైట్‌కు ఒక్కో డేటా రేటు పెట్టొచ్చా అని ట్రాయ్ మరో పత్రం తెచ్చింది. ఈసారి నాలుగే ప్రశ్నలు. ఫేస్‌బుక్ తన ఫ్రీ బేసిక్స్ పథకానికి మద్దతుగా యూజర్లతో లక్షల సంఖ్యలో ఒకే మూసలో సందేశాలు పంపించింది. అవి ఫ్రీ బేసిక్స్ కావాలన్నాయి తప్ప, ఆ నాలుగు ప్రశ్నలకు జవాబివ్వలేదు. ట్రాయ్ ఆ సంగతే ఎత్తిచూపి, సంప్రదింపులను ఓటింగ్‌లా మార్చడాన్ని గట్టిగా తప్పుపట్టింది. 2016 ఫిబ్రవరి 8న అలాంటి వేర్వేరు రేట్లను నిషేధిస్తూ నిబంధనలు తెచ్చింది.

రెండుసార్లూ లక్షల్లోనే వచ్చాయి. కానీ ఒక గుంపు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పింది. ఇంకో గుంపు చేతులెత్తి చూపించింది. మీ కాలనీ అర్జీకీ ఇదే లెక్క. 300 సంతకాలున్న ఉత్త డిమాండ్ కంటే, 30 సంతకాలతో వివరాలున్న కాగితం బరువెక్కువ.

బీల భూమిని బీడు అన్నప్పుడు

శ్రీకాకుళం జిల్లా సోంపేట పేరు విన్నారా? అక్కడి బీల అంటే నీటితో నిండి ఉండే తడి నేల. చుట్టుపక్కల రైతులకు, మత్స్యకారులకు అదే బతుకు. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం కడతామన్నప్పుడు, కాగితాల్లో దాన్ని పనికిరాని భూమిగా చూపించారన్నది స్థానికుల అభ్యంతరం. వాళ్లు ధర్నాలు చేశారు. దాంతోపాటే, పర్యావరణ అనుమతిని సవాలు చేస్తూ జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీకీ వెళ్లారు. 2010 జులై 14న సోంపేటలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజున అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది.

ఈ ఘటన గురించి చదివినప్పుడల్లా మనసు బరువెక్కుతుంది. వీధిలో పోరాటం వృథా అని చెప్పడానికి దీన్ని ఇక్కడ ప్రస్తావించడం లేదు. వీధిలో నిలబడిన వాళ్లే కాగితం మీద కూడా నిలబడ్డారు. 'ఇది బీడు కాదు, బీల' అన్న ఒక్క వాస్తవాన్ని రుజువులతో సహా వినాల్సిన చోట వినిపించారు. అర్జీకి అసలు ప్రాణం ఆ వాస్తవమే.

ముందు ఆర్టీఐ, తర్వాత అర్జీ

మరి అలాంటి వాస్తవం మీకు ఎక్కడ దొరుకుతుంది? కళ్లతో చూసింది సగం. మిగతా సగం ప్రభుత్వ రికార్డుల్లో ఉంటుంది. దానికి సమాచార హక్కు చట్టం–2005 ఉంది. మన రాష్ట్రాల్లో గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకు రుసుము లేదు. మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు ఉన్న పేద కుటుంబాలకు రుసుము ఉండదు. ఎందుకు కావాలో చెప్పక్కర్లేదు. తెలుగులో రాయొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. తప్పు ఆఫీసుకు ఇచ్చినా, అయిదు రోజుల్లో సరైన ఆఫీసుకు పంపాల్సిన బాధ్యత వాళ్లదే.

ఒక కిటుకు గుర్తుంచుకోండి. 'మా రోడ్డు ఎందుకు వేయలేదు?' అని అడిగితే జవాబు రాదు. చట్టం ఇచ్చేది రికార్డులనే, సంజాయిషీలను కాదు. ఇలా అడగండి: 'ఫలానా రోడ్డు పనికి మంజూరైన మొత్తం, ఎస్టిమేట్ కాపీ, కాంట్రాక్టర్‌తో ఒప్పందం కాపీ, ఎం-బుక్ పేజీల నకలు, చెల్లించిన బిల్లుల వివరాలు ఇవ్వగలరు.' ఎం-బుక్ అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం. అందులో 400 మీటర్లు వేసినట్టు ఉండి, మీరు టేపు పెట్టి కొలిస్తే 250 మీటర్లే ఉంటే... ఇక మీ అర్జీలో ఆవేశం అక్కర్లేదు, ఆ రెండు అంకెలు చాలు.

30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా సరిగా లేకపోతే మరో 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయొచ్చు. అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

ఎవరికి ఇవ్వాలి?

వీధి దీపం, చెత్త, మురుగు అయితే పంచాయతీ కార్యదర్శి లేదా మున్సిపల్ కమిషనర్. బస్సు ఆపడం, కొత్త ట్రిప్పు అయితే ఆర్టీసీ డిపో మేనేజర్. ట్రాన్స్‌ఫార్మర్, వేలాడే వైర్లు అయితే విద్యుత్ సంస్థ ఏఈ. ముందు వీళ్లకే ఇవ్వండి. నేరుగా ముఖ్యమంత్రికి రాసినా, ఆ కాగితం తిరిగి తిరిగి ఈ టేబుల్ దగ్గరకే వస్తుంది.

కింద పని కాకపోతే కలెక్టరేట్. తెలంగాణలో సోమవారం ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లోనూ సోమవారమే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. హైదరాబాద్‌లోని ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల్లో ప్రజావాణి నడుస్తోంది. రైల్వే, పోస్టాఫీసు, పాస్‌పోర్టు, బ్యాంకుల్లాంటి కేంద్రం పరిధిలోని విషయాలకు సీపీగ్రామ్స్ పోర్టల్ ఉంది. 2024 ఆగస్టులో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం అక్కడ ఫిర్యాదు పరిష్కారానికి 21 రోజుల గడువు. పరిష్కారం నచ్చకపోతే అప్పీలుకూ వీలుంది.

'ఇంగ్లిష్‌లో రాయడం రాదు కదా' అని ఆగిపోకండి. రాజ్యాంగంలోని 350వ అధికరణ చూడండి. కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు అర్జీ పెట్టుకునే హక్కు ప్రతి మనిషికీ ఉందని చెబుతుంది. తెలుగులో రాసిన అర్జీ తక్కువ అర్జీ కాదు.

ఒక్క పేజీ చాలు

అర్జీ ఒక పేజీ దాటకూడదు. ఇలా ఉంటే సరిపోతుంది:

'మున్సిపల్ కమిషనర్ గారికి,
విషయం: 14వ వార్డులో 7 వీధి దీపాల మరమ్మతు గురించి.
అయ్యా, గుడి మలుపు నుంచి హైవే వరకు 400 మీటర్ల దారిలో 11 స్తంభాలకు 7 దీపాలు గత 40 రోజులుగా వెలగడం లేదు. స్తంభాల నంబర్లు, ఫొటోలు జతచేశాం. రాత్రి ట్యూషన్ల నుంచి వచ్చే ఆడపిల్లలు, రెండో షిఫ్టు నుంచి వచ్చే కార్మికులు ఈ దారినే వస్తారు. 15 రోజుల్లో దీపాలు బాగుచేయించి, చేపట్టిన చర్యను మాకు రాతపూర్వకంగా తెలపగలరని కోరుతున్నాం.
ఇట్లు, వార్డు నివాసులు (సంతకాల జాబితా జత).'

ఇందులో ఉన్నవి అయిదే: ఎక్కడ, ఏమిటి, ఎప్పటినుంచి, ఎవరికి ఇబ్బంది, ఎప్పటిలోగా ఏం చేయాలి. ఒక కాగితంలో ఒకే సమస్య పెట్టండి. దీపాలు, కుక్కలు, నీళ్లు, రేషన్ షాపు అన్నీ ఒకే కాగితంలో పెడితే అది నాలుగు సెక్షన్ల మధ్య తిరిగి ఎక్కడో ఆగిపోతుంది.

ఫొటోలు తీసేటప్పుడు తేదీ, లొకేషన్ పడేలా జీపీఎస్ కెమెరా యాప్ వాడండి. సంతకాల జాబితాలో పేరు, ఇంటి నంబరు, సంతకం చాలు. ఆధార్ నంబర్లు అడగొద్దు. ఎవరి ఫోన్ నంబర్లూ ఉన్న పీడీఎఫ్‌ను వాట్సాప్ గ్రూపుల్లో తిప్పొద్దు. ముఖ్యంగా సమస్య ఆడపిల్లల భద్రతకు సంబంధించింది అయితే మరీ జాగ్రత్త.

ఇచ్చాకే అసలు పని

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇన్‌వార్డ్ సెక్షన్‌లో ఇచ్చి, రెండోదానిపై తేదీతో ముద్ర, నంబరు వేయించుకోండి. 'ముద్ర అక్కర్లేదులే, సార్‌కి చెప్తాం' అంటే నవ్వుతూనే అడగండి, అడిగి వేయించుకునే రండి. కుదరకపోతే స్పీడ్ పోస్టులో పంపండి.

ఆ తర్వాత ఒక ఎక్సెల్ షీటు. ఏ తేదీన ఇచ్చాం, ఎవరికి, నంబరెంత, ఎవరు ఏమన్నారు, మళ్లీ ఎప్పుడు వెళ్లాలి. చాలా ప్రచారాలు చచ్చిపోయేది ఇక్కడే. మొదటి రోజు నలభై మంది వస్తారు, ఫొటో దిగుతారు. మూడో వారం అడగడానికి ఒక్కరూ ఉండరు. ముగ్గురు బాధ్యత తీసుకుని, రెండు వారాలకొకరు చొప్పున వెళ్తే చాలు. పోర్టల్‌లో 'పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చిందా? వెంటనే వెళ్లి చూడండి. పని కాలేదంటే అదే రోజు ఫొటో తీసి, పాత నంబరు వేసి మళ్లీ పెట్టండి. పని అయితే మాత్రం ఒక ధన్యవాదాల లేఖ ఇవ్వండి. ఆ ఏఈ గారికో, కార్యదర్శికో అలాంటి కాగితం ఎప్పుడో గానీ రాదు. రేపు ఇంకో సమస్యతో వెళ్లినప్పుడు మీ ముఖం గుర్తుంటుంది.

అవతలివాళ్లనూ అడిగారా?

స్థానికుల అర్జీ అన్నంత మాత్రాన అది న్యాయమైనదే అవ్వాలని లేదు. 'ఫుట్‌పాత్ మీద తోపుడు బళ్లు తీసేయించండి' అని అపార్ట్‌మెంటు వాళ్లు సంతకాలు పెట్టొచ్చు. ఆ బండి మీద ఇడ్లీ అమ్మే అక్క సంతకం అందులో ఉండదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వాళ్లకూ రక్షణ ఇచ్చింది. ఎక్కడ అమ్ముకోవచ్చో తేల్చడానికి టౌన్ వెండింగ్ కమిటీలు ఉండాలనీ, వాటిలో కనీసం 40 శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలనీ చెప్పింది. కాబట్టి సంతకం పెట్టేముందు ఒక ప్రశ్న వేసుకోండి. ఈ అర్జీ నెగ్గితే ఎవరి పొట్ట కొడుతుంది? వాళ్లతో మాట్లాడాక రాస్తే అడిగేది మారుతుంది. 'తీసేయండి' అన్నది 'ఇద్దరికీ చోటు చూపించండి' అవుతుంది. రెండోది నెగ్గే అవకాశమూ ఎక్కువే.

ఉద్యోగానికి పనికొస్తుందా?

ఈ పేజీ చదివే మీకు ఈ ప్రశ్న రావడం సహజం. గ్రూప్స్, సివిల్స్ రాసేవాళ్లయితే పాలనను పుస్తకంలో కాకుండా కౌంటర్ దగ్గర చూసినట్టు అవుతుంది. ఇన్‌వార్డ్ నుంచి ఎండార్స్‌మెంట్ దాకా ఒక ఫైల్ ఎలా కదులుతుందో తెలిసినవాళ్లు పాలిటీ జవాబు రాసే తీరే వేరు. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవాళ్లయితే, సమస్యను కచ్చితంగా చెప్పడం, డేటా పోగుచేయడం, టికెట్ మూసేదాకా వెంటపడటం రోజూ చేయాల్సిన పనే.

రెజ్యుమేలో 'సోషల్ సర్వీస్ అంటే ఇష్టం' అని రాయకండి. ఆ వాక్యం ఏమీ చెప్పదు. చేసింది చేసినట్టు రాయండి. ఏ సమస్య, ఎన్ని ఇళ్లు తిరిగారు, ఏ ఆఫీసుకు వెళ్లారు, ఎన్నాళ్లు పట్టింది, ఏమైంది. పని పూర్తిగా కాకపోయినా పర్లేదు. 'ఏడింటిలో నాలుగు వెలిగాయి, మిగతా మూడింటికి కేబుల్ మార్చాలన్నారు, ఆర్టీఐ వేశాం' అన్నది కూడా చెప్పదగ్గ సమాధానమే. ఇంటర్వ్యూలో ఒత్తిడిలో ఎలా పనిచేస్తారు, టీమ్‌ను ఎలా నడిపిస్తారు అని అడిగితే ఊహించి చెప్పాల్సిన పని ఉండదు. అయితే రెజ్యుమే కోసమే మొదలుపెడితే మాత్రం మూడో వారానికే మానేస్తారు. ఆ దారిలో రోజూ మీరు నడుస్తున్నారా, మీ చెల్లి నడుస్తోందా... ఆ కారణం ఉంటేనే ఆరో వారం కూడా ఆఫీసుకు వెళ్తారు.

వచ్చే సోమవారానికి ఇంకా టైముంది. ఈ వారంలో చేయాల్సినవి మూడే. మీ వీధిలో ఒక్క సమస్య ఎంచుకోండి. అది ఏ అధికారి పరిధిలోకి వస్తుందో కనుక్కోండి. అంకెలతో ఒక పేజీ రాయండి. సంతకాలు ఎన్ని వచ్చినా ఫర్వాలేదు, రసీదు మాత్రం మర్చిపోవద్దు.